వీసా బాలాజీ పక్కూరు నుంచి వీసా అడగని దేశానికి

చిలుకూరు బాలాజీ అంటే మీకు వీసా బాలాజీ. మా ఎంకపల్లి వాళ్లకి మాత్రం బండి మీద పోయి దండం పెట్టుకుని వచ్చే పక్కూరి దేవుడు. చిన్నప్పుడు ఆ గుడి చుట్టూ జనం ఎందుకంత వేగంగా తిరుగుతారో నాకు అర్థమయ్యేది కాదు. చేతిలో అంకెల కాగితం, ఒక్కో చుట్టుకి ఒక్కో టిక్కు. మొక్కుకునేటప్పుడు 11, కోరిక తీరాక 108.

పెద్దయ్యాక ఇంకోటి గమనించాను. అక్కడ తిరిగే అమ్మానాన్నల్లో చాలామంది తమ కోసం తిరగరు. కొడుకు ఎఫ్1 కోసం, కూతురు హెచ్1 కోసం తిరుగుతారు. వాళ్ల దృష్టిలో విదేశం అంటే పిల్లలు పోయే చోటు. వాళ్లు పోవాల్సి వస్తే కూతురి డెలివరీకి పోతారు, సూట్‌కేసు నిండా కారప్పొడులు, తొక్కులతో. ఊరికే చూడ్డానికి పోవడమనే మాటే ఉండదు.

మా ఇంట్లోనూ అంతే. నాన్న రెండెకరాల్లో చామంతి, బంతి వేస్తాడు. మూడు బర్రెలున్నాయి. అమ్మ, నానమ్మ, ఇంటర్ ఫస్టియర్ చదివే తమ్ముడు. నేను గచ్చిబౌలిలో కోడ్ రాసుకుంటూ ఉంటాను. నా పాస్‌పోర్టుకి ఏడేళ్లు, అందులో ఒక్క స్టాంపు లేదు. మిగతా నలుగురికి పాస్‌పోర్టే లేదు. 2024లో బోనస్ వచ్చినప్పుడు ‘అందరం కలిసి ఏదైనా దేశం పోదాం’ అన్నాను. నాన్న నవ్వి, “పెండ్లికి దాసుకో బిడ్డా” అన్నాడు. చిన్నమ్మ ఇంకా సూటిగా, “ఆ పైసలతోని తులం బంగారం వస్తుండె గదనే” అంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ‘నేపాల్ పోదామనుకుంటున్నాం, సేఫేనా, ఎంతవుతుంది’ అని మెసేజ్‌లు వస్తున్నాయి. రీల్స్‌లో ‘పదివేలకే నేపాల్’ అని చెప్పేవాళ్లంతా ఒంటరిగా, బ్యాక్‌ప్యాక్‌తో, రాత్రి బస్సుల్లో తిరిగినవాళ్లు. 71 ఏళ్ల నానమ్మని తీసుకుని పోతే ఆ లెక్క పనిచేయదు. మా లక్ష్యం ఐదుగురికి లక్ష లోపు. 92 వేల దగ్గర ఆగింది.

ముందు దేశం ఎందుకు నేపాలే అయిందో చెప్తాను. శ్రీలంకకి పాస్‌పోర్టులు కావాలి. భూటాన్‌కి అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. కానీ అక్కడ భారతీయుల దగ్గర కూడా మనిషికి రాత్రికి 1,200 రూపాయలు ప్రభుత్వ రుసుము తీసుకుంటారు. ఐదుగురికి రోజుకి 6,000. గది, తిండి ఇంకా మొదలే కాలేదు. అక్కడే భూటాన్ ట్యాబ్ మూసేశాను. నేపాల్‌తో మనకి 1950 ఒప్పందం ఉంది కాబట్టి వీసా లేదు. పెద్దవాళ్లకి ఓటరు కార్డు చాలు. 65 దాటినవాళ్లకి, 15 లోపు పిల్లలకి ఆధార్ కూడా చెల్లుతుందని 2019లో మన హోంశాఖ చెప్పింది. అంటే నానమ్మకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మావాడితోనే. 15కీ 18కీ మధ్య వయసు వాళ్లకి కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి. కుటుంబమంతా కలిసి పోతే కొంత వెసులుబాటు ఉంది గానీ, బార్డర్ దగ్గర నిలబడి నిబంధనలు చదివి వినిపించే ఓపిక నాకు లేదు. అందుకని పత్రం తీసుకున్నాం. అది ఇవ్వడానికి వాళ్ల కాలేజీ ఆఫీసులో వాడిని మూడుసార్లు తిప్పారు. “నేపాల్‌కి ఎందుకు, టూర్ కావాలంటే మేమే అరకు తీస్కపోతం గదా” అన్నారట.

అసలు కష్టం కాగితాలతో రాలేదు, బర్రెలతో వచ్చింది. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. నాన్న నాకు తెలిసి ఒక్కసారి కూడా వరసగా మూడు రాత్రులు ఇల్లు విడిచి ఉండలేదు. తిరుపతి పోయినా దర్శనం కాగానే బస్సెక్కడమే. రెండు పూటలా పాలు పిండాలి, పూలు కోసి తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి చేర్చాలి. పది రోజులు అంటే ఆయనకి అది సెలవులా అనిపించదు, నష్టంలా అనిపిస్తుంది. చివరికి దసరా, దీపావళి పూల గిరాకీ అయిపోయాక నవంబర్‌లో పోదామన్నాం. పాలు చిన్నాయన పిండుతాడు, ఆ పది రోజుల పాల పైసలు ఆయనవే. ఇది నా ఎక్సెల్ షీట్‌లో ఏ గడిలోనూ లేదు. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని ఐదు నిమిషాల్లో తేల్చేశారు. నవంబర్ ఇంకో రకంగా కూడా కలిసొచ్చింది. వానలు పోయి కొండలు కనిపించే కాలం అది. నేపాలీల దశైం, తిహార్ పండగల రద్దీ కూడా తగ్గిపోయి ఉంటుంది.

నాన్నకి ఇంకో భయం ఉంది, దాన్ని నేను కొట్టిపారేయలేదు. ఆ ఏడాది జులైలో కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. ఆగస్టులో మహారాష్ట్ర యాత్రికులున్న బస్సు మర్స్యాంగ్డీ నదిలో పడి 27 మంది చనిపోయారు. రెండూ టీవీలో చూశాడు. అందుకని ఒకటే షరతు పెట్టాడు: “చీకటి పడ్డంక బండి ఎక్కేది లేదు.” బడ్జెట్ ట్రిప్ వీడియోల్లో రాత్రి బస్సు పెద్ద చిట్కా. బస్సులోనే పడుకుంటే గది అద్దె మిగులుతుందని చెప్తారు. మేం ఆ డబ్బు మిగల్చలేదు. కొండ దారిలో అంతా పగలే, జీపులోనే. నేపాల్ లోపల మా ఖర్చులో పెద్ద ముక్క అదే, 22 వేలు. అందుకు బదులుగా కాఠ్మాండూ వదిలేశాం. అవును, పశుపతినాథ్ చూడలేదు. చుట్టాలందరూ ఇప్పటికీ తిడుతున్నారు. కానీ రెండు రోజుల రోడ్డు, రెండు రాత్రుల గదులు, నానమ్మ మోకాళ్లు, మూడూ ఒకేసారి మిగిలాయి.

గోరఖ్‌పూర్ దాకా రైలు. ఒకటిన్నర రోజు ప్రయాణం, థర్డ్ ఏసీలో మనిషికి 1,900 దగ్గర పడింది. పెద్దవాళ్లకి ఉండే రాయితీ 2020లో ఆగిపోయింది కాబట్టి నానమ్మకీ అదే ధర. ఆ రాత్రి గోరఖ్‌పూర్‌లో ఉండి పొద్దున్నే బస్సులో మూడు గంటలు పోతే సునౌలి. సునౌలి బార్డర్ ఎలా ఉంటుందని అడుగుతారా? చేవెళ్ల అంగడిలా ఉంటుంది. రిక్షాలు, సిమెంటు లారీలు, గంపలు, సైకిళ్లు. మధ్యలో ఒక పెద్ద గేటు. మన జవాను కార్డులు చూసి, “కిత్నే లోగ్?” అన్నాడు. అంతే. నానమ్మ గేటు దాటి ఇరవై అడుగులు వేశాక, “ఇంకెంత దూరముంది నేపాలు?” అని అడిగింది. వచ్చేశాం అంటే నమ్మలేదు. నా పాస్‌పోర్టులో స్టాంపు వేస్తారేమోనని ఆశపడి చూపించాను. భారతీయులకి వెయ్యరట. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

గడియారం పావుగంట ముందుకి జరపాలి. నేపాల్ టైమ్ మనకంటే 15 నిమిషాలు ముందు. మా టీమ్‌లో టైమ్‌జోన్ బగ్గులు పరీక్షించడానికి ఎప్పుడూ కాఠ్మాండూనే వాడతాం, ఎందుకంటే 5:45 దగ్గర సగం ప్రోగ్రాములు తడబడతాయి. హోటల్ బిల్లు మీద సంవత్సరం 2081 అని ఉంది. వాళ్లది విక్రమ శకం. తమ్ముడు దాన్ని స్టేటస్‌లో పెట్టి ‘ఫ్యూచర్ నుంచి హాయ్’ అని రాశాడు.

డబ్బు గురించి కొంచెం జాగ్రత్త. మన వంద అంటే వాళ్ల నూట అరవై. 1993 నుంచీ ఇదే రేటు. మన నోట్లు రద్దయినప్పుడు అక్కడ చాలామంది దగ్గర పాతవి ఇరుక్కుపోయాయి. ఆ తర్వాత, 2018 డిసెంబర్‌లో, వంద కంటే పెద్ద భారతీయ నోట్లు చెల్లవని వాళ్ల ప్రభుత్వం ప్రకటించింది. అందుకే మేం వందల కట్టలు పట్టుకుపోయాం. ఈ నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే వారంలో ఒకసారి చూసుకోండి. దుకాణంలో ధర చెప్పగానే ‘ఐసీయా, ఎన్‌సీయా’ అని అడగాలి. ఇండియన్ కరెన్సీనా, నేపాలీ కరెన్సీనా అని. అడగకపోతే అరవై శాతం ఎక్కువ ఇచ్చేసి థ్యాంక్స్ చెప్పి వస్తారు. నేను కరెన్సీ యాప్ తెరిచేలోపు నాన్న నోటి లెక్క చెప్పేసేవాడు. ఇరవై ఏళ్లు పూల మార్కెట్‌లో కిలో రేటుని మూర రేటుగా మార్చినవాడికి 1.6 ఒక లెక్కా? 2024 మార్చి నుంచి అక్కడి ఫోన్‌పే క్యూఆర్‌ల మీద మన యూపీఐ కూడా పనిచేస్తోంది. పేరు చూసి మన ఫోన్‌పే అనుకోకండి, అది వాళ్ల వేరే కంపెనీ. పోఖరాలో చాలాచోట్ల స్కాన్ చేశాం. ఊళ్లలో మాత్రం నోట్లే.

లుంబినీలో ఎక్కువ సేపు ఉంటామనుకోలేదు. బుద్ధుడు పుట్టిన చోటు, మాయాదేవి గుడి, పక్కనే అశోకుడు నిలబెట్టిన స్తంభం. దాని మీద బ్రాహ్మీ లిపిలో ఏం రాసుందో నేను ఫోన్లో చూసి చెప్పాను: బుద్ధుడు ఇక్కడ పుట్టాడు కాబట్టి ఈ ఊరికి పన్ను తగ్గిస్తున్నాను, పంటలో ఎనిమిదో వంతు ఇస్తే చాలు అని. నాన్న ఆగిపోయాడు. “అంటే అప్పట్లనే రైతుబంధు ఇచ్చిండన్నట్టు” అన్నాడు. ఆ తర్వాత గంటసేపు ఆ స్తంభం చుట్టూ తిరిగాడు. మిగతా టూరిస్టులు ధ్యానం చేసుకుంటుంటే మా నాన్న శిస్తు గురించి ఆలోచించాడు.

తిండికి ఇబ్బంది రాలేదు. దాల్‌భాత్ అంటే మన పప్పన్నమే. అన్నం, పప్పు, కూర అడిగినన్ని సార్లు వడ్డిస్తారు. అమ్మ తెచ్చిన చింతకాయ తొక్కు కలిస్తే ఇల్లే. ఒక్కటి మాత్రం చూసుకోండి: మోమోల మెనూలో ‘బఫ్’ అని ఉంటే బర్రె మాంసం. అక్కడ అది మామూలు విషయం. తమ్ముడు ఆర్డర్ ఇవ్వబోయి ఆగిపోయాడు. “ఇంటికాడ వాటికి పేర్లు పెట్టుకున్నం, గిక్కడ తింటమా” అని నానమ్మ లేచి బయటికి పోయింది.

ఇప్పుడు అసలు విషయం. నానమ్మ ఈ ట్రిప్‌కి ఒప్పుకుందే ముక్తినాథ్ కోసం. 108 దివ్యదేశాల్లో అదొకటని ఊళ్లో భజన బృందంలో విన్నది. తిరుపతి, అహోబిలం రెండూ చూసింది. తెలుగు నేల మీద ఉన్న దివ్యదేశాలు ఆ రెండే. మూడోది ముక్తినాథ్ కావాలని ఆమె కోరిక. కానీ పోఖరా దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంది, ముక్తినాథ్ 3,700 పైన. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని వైద్యులు చెప్తారు. ఒక్కరోజులో జీపెక్కి పైకి పోయి అక్కడే పడుకుంటే కుర్రాళ్లకే తలనొప్పి, వాంతులు. నానమ్మకి బీపీ ఉంది. బయల్దేరే ముందే డాక్టర్ వద్దన్నారు. హెలికాప్టర్ ఉంటుంది కదా అని ఎవరో అన్నారు గానీ, ఎత్తు మాత్రం అదే కదా. పైగా ఆ ధర మా మొత్తం ట్రిప్ బడ్జెట్‌ని మింగేస్తుంది.

ఇంటి దగ్గర సరే అన్న మనిషి, పోఖరా పోయాక తెల్లటి మచ్ఛపుచ్ఛ్రే శిఖరం కిటికీలోంచి చూసి మళ్లీ మొదలుపెట్టింది. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. నానమ్మ పోకపోతే నేనూ పోనని అమ్మ. ఇద్దరూ పోకపోతే నాకెందుకని నాన్న. ఇంత దూరం వచ్చి అందరం గదిలో కూర్చుంటామేమో అనిపించింది.

పొద్దున నానమ్మే తేల్చింది. “నేను గీ పిల్లలతోని ఈడ్నే ఉంట. మీరిద్దరు పోయిరాండ్రి” అంది. అమ్మ కుదరదంటే నానమ్మ అన్నమాట ఇది: “పెండ్లయి ముప్పై ఏండ్లాయె. మీరిద్దరే ఎన్నడన్న ఎటన్న పోయిండ్రా?”

పోలేదు. మాలో ఎవరికీ అది ఎప్పుడూ తట్టలేదు కూడా.

అదే హోటల్లో ఒంగోలు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్ దంపతులు జీపు మాట్లాడుకున్నారు. వాళ్లతో కలిపి పంపించాం. మూడు రోజులు, రెండు రాత్రులు. అన్నపూర్ణ ప్రాంతంలోకి పోవడానికి అనుమతి కావాలి, మనలాంటి సార్క్ దేశాల వాళ్లకి వెయ్యి నేపాలీ రూపాయలు. పర్మిట్లు, జీపు, గదులు కలిపి మా వాటా 16 వేలు. నేను డ్రైవర్‌తో ఒకే మాట చెప్పాను: రెండు రాత్రులూ కాలోపానీలోనే పడుకోవాలి. అది 2,500 మీటర్ల దగ్గరుంటుంది. పైకి పోయి దర్శనం చేసుకుని మళ్లీ కిందికి దిగి పడుకుంటే శరీరానికి తేలిక.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఫోన్ కలవలేదు. పిల్లలు ఫోన్ ఎత్తకపోతే అమ్మానాన్నలకి ఎలా ఉంటుందో ఆ నాలుగు గంటల్లో తెలిసింది. నానమ్మ మాత్రం హాయిగా ఉంది. ఫేవా సరస్సులో పడవెక్కి మధ్యలో ఉన్న తాల్ బారాహి గుడికి పోయాం. లైఫ్ జాకెట్ వేసుకోమంటే, “గిది ఏసుకుని దేవుని కాడికి ఎట్ల పోవాలె” అని గొడవ. వేసుకుంది. బింధ్యబాసిని గుడి ముందు బంతిపూల దండలు కనిపిస్తే, నాన్న ఉంటే రేటు అడిగేవాడని తనే అడిగింది. అక్కడ బంతిని సయపత్రి అంటారట. మాట తెలియకపోయినా పూలమ్మే ఆమె, నానమ్మ పది నిమిషాలు ఏదో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారంటే, “పురుగు పడుతుందట ఈడ గూడ” అంది.

మూడో రోజు చీకటి పడకముందే జీపు వచ్చింది. అమ్మ ముఖం చలికి పగిలింది, నాన్న దగ్గుతున్నాడు. అమ్మ ముందు బ్యాగులోంచి నీళ్ల బాటిల్ తీసి నానమ్మ చేతికిచ్చింది. ముక్తినాథ్ గుడి వెనక 108 ధారలు ఆవు ముఖాల్లోంచి పడతాయి. ప్రతి ధార కింద ఒక్కో చుక్క పట్టిందట, వేళ్లు కొంకర్లు పోయేదాకా. నాన్న కాళీ గండకి ఒడ్డున అమ్మేచోట చూసిన సాలగ్రామాల గురించి చెప్పాడు. అవి ఒకప్పటి సముద్రపు జీవుల శిలాజాలని, హిమాలయాలున్న చోట కోట్ల ఏళ్ల కింద సముద్రం ఉండేదని తమ్ముడు చెప్తే, నానమ్మ, “అందుకే గదా విష్ణుమూర్తి అందుల ఉన్నది” అంది. వాడి దగ్గర జవాబు లేదు.

రాత్రి నాన్న ఫోన్ ఛార్జింగ్ పెడుతూ గ్యాలరీ తెరిచాను. అంతకు ముందు అందులో ఉన్నవన్నీ చామంతి తెగుళ్ల ఫొటోలు. మందుల షాపువాడికి వాట్సాప్‌లో పంపడానికి తీసినవి: మచ్చలున్న ఆకు, ఎండిన మొగ్గ, పేనుబంక. వాటి కింద ఇప్పుడు వరసగా 43 ఫొటోలు. అన్నీ అమ్మవే. మెట్ల మీద, టీ తాగుతూ, మంకీ క్యాప్‌లో, వెనక్కి తిరిగి ‘ఆపుతావా’ అన్నట్టు చూస్తూ.

మళ్లీ మీ ప్రశ్నకి వస్తాను, సేఫేనా అని. 2025 సెప్టెంబర్‌లో కాఠ్మాండూలో యువత ఆందోళనలు చెలరేగి ప్రభుత్వమే పడిపోయింది. విమానాశ్రయం మూసేశారు. రెండు వందల మందికి పైగా తెలుగువాళ్లు చిక్కుకుపోతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం వేసి విశాఖకి, తిరుపతికి తీసుకొచ్చింది. అమ్మ ఆ రెండు రోజులూ టీవీ ముందు నుంచి లేవలేదు. కాబట్టి పూచీ నేను ఇవ్వలేను. మేం చేసింది చెప్తాను. భారత రాయబార కార్యాలయం నంబర్, హోటల్ పేరు, ఊళ్లో చిన్నాయన నంబర్ కాగితం మీద రాసి ఐదుగురి జేబుల్లో పెట్టాను, ఫోన్ పోయినా ఉండేలా. అక్కడి సిమ్ రెండు కొన్నాం. 30 వేలు విడిగా, ముట్టుకోకుండా ఉంచాం, అవసరం పడితే ఆసుపత్రికి, లేదంటే అర్ధాంతరంగా వెనక్కి రావడానికి. ఆ 30 వేలు లేకపోతే నేను బయల్దేరేదాన్ని కాదు. అది మిగిలి వచ్చింది కాబట్టి 92 వేలలో కలపలేదు. మీరు లెక్క వేసుకునేటప్పుడు మాత్రం కలుపుకోండి.

చిన్నమ్మ ఇంకా బంగారం మాట ఎత్తుతూనే ఉంది. మొన్న వాళ్లింటికి పోతే మాత్రం, “ముక్తినాథ్ పోతే ఇద్దరికి ఎంతయితదే?” అని మెల్లగా అడిగింది.

నాన్న ఈ మధ్య యూట్యూబ్‌లో నాగపట్నం నుంచి శ్రీలంక కంకేసన్‌తురైకి పోయే పడవ చూస్తున్నాడు. అది దాటాలంటే ఓటరు కార్డు చాలదు, పాస్‌పోర్టు కావాలి. మనిషికి 1,500 ఫీజు. అప్లికేషన్ నింపుతుంటే అమ్మ పేరు దగ్గర ఆగిపోయాం. ఓటరు కార్డులో పేరు చివర ‘అమ్మ’ ఉంది, ఆధార్‌లో లేదు. ముందు ఆ ముడి విప్పాలి. నాన్నకి స్లాట్ దొరికింది, వచ్చే మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి. ఆ పూట పాలు ఎవరు పిండాలన్నది ఇంకా తేలలేదు.